నిద్ర మోడ్‌లో ఎంత? చిన్న ఎయిర్ ప్యూరిఫయర్లు చేసేవారికి బహిరంగ లేఖ

చిన్న గదుల కోసమని చెప్పి ఎయిర్ ప్యూరిఫయర్లు తయారుచేస్తున్న, అమ్ముతున్న కంపెనీలవారికి,

నమస్కారం.

నా గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఎత్తూ పదే. లెక్క సులువుగా ఉంటుందని కట్టించుకున్నది కాదు, అద్దెకు అలాగే దొరికింది. మంచం, రాత బల్ల, బట్టల బీరువా పెట్టాక మిగిలిన నేల మీద ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు గుమ్మంలో ఆగిపోవాలి. ఒక్క కిటికీ. తెరిస్తే రోడ్డు పొగ, మూస్తే ఉక్క. నాకు ఉబ్బసం. అందుకని మీ సరుకు కొన్నాను, ఒకసారి కాదు, మూడుసార్లు. పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి మూడోసారి మాత్రం కొనేముందు కాగితం, పెన్సిలు ముందేసుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం ఆ కాగితం మీంచి పుట్టింది.

మొదటిది అరచేతిలో పట్టేసేది. యూఎస్‌బీ వైరు, చుట్టూ నీలం వెలుగు, లోపల అగ్గిపెట్టెకు అన్నలాంటి ఫిల్టరు. పెట్టె మీద పడుకున్న పసిపాప బొమ్మ, దాని పక్కన ఆకుపచ్చ ఆకు. "చిన్న గదులకు, బల్లలకు, కార్లకు" అని రాసి ఉంది. మూడు నెలలు తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాను. దగ్గు దగ్గులాగే ఉంది. తప్పు నా ఊపిరితిత్తులదే అనుకున్నాను కానీ యంత్రాన్ని అనుమానించలేదు. అంత ముద్దుగా ఉండేది అది.

రెండోది కాస్త పెద్దది, బకెట్టంత. "600 చదరపు అడుగుల వరకు" అని దాని మీద రాసి ఉంటే, నా వంద అడుగుల గదికి ఆరింతలు కదా, ఇంక చూడక్కర్లేదని తెచ్చేసుకున్నాను. దానితో పాటే గాలిలో సన్నని ధూళిని లెక్కపెట్టే చిన్న మీటరు కూడా కొన్నాను. అదే నా కొంప ముంచింది, లేక మీ కొంప ముంచింది. ప్యూరిఫయరు ఫుల్ స్పీడులో పెడితే మీటరు మీద పీఎం 2.5 అంకె చక్కగా దిగేది. కానీ ఆ హోరులో ఫోను మోగినా వినపడదు, నిద్ర సంగతి సరే సరి. నిద్ర మోడ్‌లో, అంటే ఫ్యాను మెల్లగా తిరిగేలా, పెడితే హాయిగా నిశ్శబ్దం. అంకె మాత్రం దిగినట్టే దిగి, సగం మెట్ల మీద కూర్చుండిపోయేది.

ఎందుకని వెతుక్కుంటూ పోతే సీఏడీఆర్ అనే మాట తగిలింది. మీకు తెలియనిది కాదు. ఈ ఉత్తరం చదివే మిగతావారి కోసం చెబుతాను. యంత్రం ఒక గంటలో, లేదా ఒక నిమిషంలో, ఎంత ఘనపరిమాణం శుభ్రమైన గాలిని గదికి ఇస్తుందో చెప్పే అంకె అది. ఫ్యాన్ లాగే గాలి ఎంత, అందులోంచి ఫిల్టరు పట్టుకునే వాటా ఎంత, ఈ రెండింటి గుణకారం అనుకోండి. అమెరికాలో గృహోపకరణాల తయారీదారుల సంఘం ఒకటుంది, ఆహామ్ అంటారు. 1980లలో ఈ కొలతను వ్యాప్తిలోకి తెచ్చింది వాళ్లే. మూసేసిన గదిలో సిగరెట్ పొగ, సన్నటి దుమ్ము, పుప్పొడి విడివిడిగా వదిలి, యంత్రం ఆన్ చేసి, అవి ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూస్తారు. యంత్రం లేకపోయినా కొంత దుమ్ము తనంతట తానే కిందికి దిగుతుంది కదా, ఆ వాటాను తీసేస్తారు. మిగిలింది యంత్రం కష్టార్జితం.

ఆ పరీక్ష గది కొలత చదివి కాసేపు కదల్లేదు. 1,008 ఘనపుటడుగులు. నా గది 1,000. చైనా ప్రమాణంలో అయితే 30 ఘనపు మీటర్ల గది. నాది 28 చిల్లర. అంటే మీరు మీ యంత్రాలను పరీక్షించేది అచ్చంగా నా గదిలాంటి గదిలోనే. మంచం ఒక్కటి ఉండదు అందులో, నిద్రపోవాల్సిన మనిషీ ఉండదు. అందుకేనేమో, అక్కడ యంత్రాన్ని ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే నడుపుతారు.

నా ఫిర్యాదంతా ఈ చివరి వాక్యంలో ఉంది.

మీ పెట్టెల మీద రెండు అంకెలు పక్కపక్కన పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఒకటి సీఏడీఆర్, అది ఫుల్ స్పీడులో కొలిచినది. రెండోది శబ్దం, అది నిద్ర మోడ్‌లో కొలిచినది. రెండూ నిజమే. కానీ ఆ రెండూ ఒకే క్షణంలో ఒకే గదిలో ఉండవు. అన్న జీతం, తమ్ముడి వయసు కలిపి ఒకే మనిషిగా పరిచయం చేసినట్టు ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు, అలాంటి మనిషీ లేడు.

పెద్ద హాలులో పెట్టుకునేవాళ్లకు ఇది అంత పట్టింపు కాకపోవచ్చు. యంత్రం ఓ మూల హోరెత్తితే వాళ్లు ఇంకో మూలకు పోతారు. చిన్న గదిలో పోవడానికి ఇంకో మూల లేదు. యంత్రం ఎక్కడ పెట్టినా తలకు నాలుగు అడుగుల దూరంలోనే. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్‌లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు శబ్దంలా వినిపిస్తుంది. 30 నుంచి 50కి పోతే "ఇరవై ఎక్కువ" కాదు, రెట్టింపు మీద రెట్టింపు. కాబట్టి మాలాంటి వాళ్లు కొన్న మొదటి రోజు సరదాకు ఫుల్ స్పీడు చూసి, రెండో రోజు నుంచి నిద్ర మోడ్‌లోనే ఉంచుతాం. చిన్న గది ప్యూరిఫయరు తన జీవితంలో ఎక్కువ భాగం గడిపేది ఏ స్పీడులోనో ఆ స్పీడు సీఏడీఆర్ మాత్రం పెట్టె మీద ఉండదు.

ఇప్పుడు నా కాగితం మీది లెక్క చూడండి.

ఆహామ్ వాళ్ల మోటు సూత్రం ఒకటుంది. గది వైశాల్యం చదరపు అడుగుల్లో ఎంతో, అందులో మూడింట రెండు వంతులు తక్కువ కాకుండా సీఏడీఆర్ ఉండాలి, నిమిషానికి ఘనపుటడుగుల్లో. ఎనిమిది అడుగుల ఎత్తు గదికి ఇది గంటకు దాదాపు అయిదుసార్లు గదిలోని గాలి మొత్తాన్ని శుభ్రం చేసినట్టు. నా గది ఎత్తు పది కాబట్టి నేరుగా లెక్క వేసుకున్నాను. వెయ్యి ఘనపుటడుగులు, గంటకు అయిదుసార్లు, అంటే అయిదు వేలు. అరవైతో భాగిస్తే నిమిషానికి 83. గంటకు ఘనపు మీటర్లలో కావాలంటే 1.7తో గుణించాలి, దాదాపు 141. చిన్న గదికి కావాల్సింది ఇంతే. కార్చిచ్చు పొగలాంటి రోజుల్లో వైశాల్యం ఎంతో సీఏడీఆర్ కూడా అంత ఉండాలంటారు, నా గదికి 100. అదీ అందనంత పెద్ద అంకేమీ కాదు.

మరి "600 చదరపు అడుగులు" ఎక్కడిది? అదే 83 సీఏడీఆర్ యంత్రాన్ని ఎనిమిది అడుగుల ఎత్తు గదిలో గంటకు ఒకే ఒక్కసారి గాలి మార్చే లెక్కన చూస్తే 620 చదరపు అడుగులు దాటుతుంది. అయిదుసార్ల లెక్కన చూస్తే 124. ఒకే యంత్రం, ఒకే ఫ్యాను. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఆరువందలు, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "గంటకు ఒక మార్పు ప్రకారం". కొన్నిటి మీద ఆ చీమ తలకాయ కూడా ఉండదు. చైనా ప్రమాణంలో ఈ వైశాల్యాన్ని ఎలా చెప్పాలో కూడా రాసి పెట్టారు. గంటకు ఘనపు మీటర్లలో ఉన్న సీఏడీఆర్‌ను 0.07 నుంచి 0.12 మధ్య అంకెతో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. 141ని అలా గుణిస్తే 10 నుంచి 17 చదరపు మీటర్లు. అంటే 106 నుంచి 182 చదరపు అడుగులు. ఆరువందలకు, దీనికి ఎక్కడి పొంతన?

గంటకు ఒకసారి గాలంతా శుభ్రమైతే చాలదా అని మా తరగతిలో పిల్లలైతే అడుగుతారు. మంచి ప్రశ్నే. చాలదు, ఎందుకంటే గది సీసా కాదు. తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య సందు, వెంటిలేటరు, వీటన్నిటిలోంచీ బయటి గాలి వస్తూనే ఉంటుంది. గంటకు ఒక గదెడు బయటి గాలి లోపలికి వస్తోందనుకుందాం. యంత్రం గంటకు అయిదు గదుల గాలి శుభ్రం చేస్తే, లోపల మిగిలే ధూళి బయటి దాంట్లో ఆరో వంతు. ఒక గదే శుభ్రం చేస్తే సగం. నా అరచేతి యంత్రానికి సీఏడీఆర్ అంకే ఎక్కడా లేదు. ఉదారంగా గంటకు 15 ఘనపు మీటర్లు వేసుకున్నా, నా గదికి గంటకు అర మార్పు. మిగిలేది మూడింట రెండు వంతులు. చిల్లు పడ్డ పడవలో కూర్చుని చెంచాతో నీళ్లు తోడటం అన్నమాట. తోడుతున్నామన్న తృప్తి ఉంటుంది, పడవ మాత్రం తేలదు.

బకెట్టు యంత్రం నిద్ర మోడ్‌లో ఎంత ఇస్తుందో కంపెనీ చెప్పలేదు. ఫుల్ స్పీడులో ఇచ్చే 83లో నాలుగో వంతు అనుకుని లెక్క వేస్తే నిమిషానికి 20 ఘనపుటడుగుల చిల్లర, గంటకు ఒకటింబావు మార్పు, బయటి ధూళిలో 44 శాతం లోపలే మిగులుతుంది. మీటరు సగం మెట్ల మీద ఎందుకు కూర్చుందో అప్పుడు అర్థమైంది. పాపం దాని తప్పు ఏమీ లేదు.

మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. "చిన్నగా కావాలి, చవకగా కావాలి, చప్పుడు లేకుండా కావాలి, మళ్లీ గాలి కూడా కావాలంటే ఎలా?" నిజమే, భౌతికశాస్త్రం మీ పక్షాన కొంత ఉంది. చిన్న ఫ్యాను అంతే గాలి లాగాలంటే ఇంకా వేగంగా తిరగాలి. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపే, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్‌లు పెరుగుతుంది, కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. కానీ ఇదే సూత్రాన్ని తిరగేసి చదవండి. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గి, చప్పుడు 15 డెసిబెల్‌లు పడిపోతుంది. అందుకే ఇప్పుడు నన్ను ఎవరైనా సలహా అడిగితే, గదికి కావాల్సిన దానికి రెట్టింపు సీఏడీఆర్ ఉన్నది కొని సగం వేగంలో నడుపుకోమంటున్నాను. బక్క గుర్రాన్ని పరుగెత్తించడం కన్నా బలమైన దాన్ని నడిపించడం మేలు. నా మూడో యంత్రం అలాగే కొన్నాను. రాత బల్ల కింద పడుతోంది. "కాంపాక్ట్" అన్న మాట దాని పెట్టె మీద ఎక్కడా లేదు, చిత్రం.

ఫ్యానూ ఫిల్టరూ కలిస్తే చాలని నిరూపించినవాళ్లు కూడా ఉన్నారు. 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరి ఆలోచన లోంచి ఒక డబ్బా పుట్టింది. నాలుగు వైపులా ఏసీ డక్టుల్లో వాడే ఫిల్టర్లు, పైన ఒక చదరపు ఫ్యాను, చుట్టూ టేపు. చూడటానికి అందం లేదు, నా గదిలో పెడితే నేను బయట పడుకోవాలి. కానీ ఆ అట్టముక్కల డబ్బా సీఏడీఆర్ వందల్లో ఉంటుంది, మీ అందమైన చిన్న యంత్రాలకు అందనంత. కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాన్లను వరసగా పెట్టి, దాన్నే చప్పుడు లేకుండా, పలచగా చేసుకునేవాళ్లూ బయల్దేరారు. ఇంట్లో కత్తెర, టేపుతో వాళ్లు చేస్తున్నది ఫ్యాక్టరీలున్న మీకు ఎందుకు చేతకాదు?

హెపా గురించి కూడా రెండు మాటలు. ఈ మాటను మీరు మంత్రంలా వాడుతున్నారు. 1940లలో అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో రేడియో ధార్మిక ధూళిని ఆపడానికి పుట్టిన ఫిల్టరు అది. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం పట్టుకోవాలన్నది అక్కడి కొలమానం. యూరప్ వాళ్ల హెచ్13 తరగతి ఫిల్టరు అయితే, అన్నిటికన్నా తేలిగ్గా తప్పించుకునే సైజు కణాల్లో 99.95 శాతం. 0.3 ఎందుకంటే, అది జల్లెడ కన్నాల కొలత అని చాలామంది అనుకుంటారు, కాదు. అంతకన్నా పెద్ద కణాలు గాలి మలుపు తిరిగినప్పుడు తిరగలేక ఫిల్టరు పోగులకు కొట్టుకుంటాయి. అంతకన్నా చిన్నవి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతూ పోయి ఏదో ఒక పోగుకు అంటుకుంటాయి. నడిమి సైజువే తప్పించుకోవడంలో ఘనులు. అందుకని కష్టమైన చోటనే పరీక్ష పెట్టారు.

మంచి ఫిల్టరే. కానీ "99.97 శాతం గాలి శుభ్రం" అని మీరు రాసినప్పుడు చదివేవాళ్లు తమ గదిలో గాలి అనుకుంటారు. అది ఫిల్టరులోంచి వెళ్లిన గాలి మాత్రమే. నిమిషానికి 20 ఘనపుటడుగులు లాగుతూ 99.97 శాతం పట్టే యంత్రం కన్నా, 100 లాగుతూ 90 శాతం పట్టే యంత్రం నా గదిని నాలుగున్నర రెట్లు వేగంగా శుభ్రం చేస్తుంది. పైగా ఫిల్టరుకూ చట్రానికీ మధ్య వేలు దూరే సందు ఉంటే, గాలి ఆ సందులోంచే పోతుంది. నా అరచేతి యంత్రంలో ఉంది. ఇక "హెపా తరహా", "హెపా లాంటి" అన్న మాటల గురించి నేను రాయను. "బంగారం లాంటి" గాజులు అమ్మేవాళ్లకు కూడా తెలుసు ఆ మాట అర్థం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బకెట్టు యంత్రం కొన్న కొత్తలో పదకొండు రోజులు దాన్ని ఫిల్టరు మీది ప్లాస్టిక్ సంచి తియ్యకుండానే నడిపాను. ఫిల్టరు లోపల బిగించే వచ్చింది కదా, ఇంకేం చూడాలని అనుకున్నాను. అడుగు మూత తిప్పి చూసే ఆలోచన పన్నెండో రోజు వచ్చింది. నవ్వుకోండి. కానీ ఈ పని చేసినదాన్ని నేనొక్కదాన్నే కాదు, అడిగి చూస్తే చుట్టుపక్కల ఇంకో ఇద్దరు తేలారు. ఆ పదకొండు రోజులూ యంత్రం మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. సంచిలో ఊపిరాడక కొట్టుకుంటున్న ఫ్యాను పైన, "గాలి అద్భుతంగా ఉంది" అన్న పచ్చ లైటు. సంచిని లోపల పెట్టడం మానేసి పెట్టెలో విడిగా ఇవ్వండి, లేకపోతే స్విచ్చి మీదికే ఒక ఎర్ర తోక వేలాడదీయండి.

ఆ పచ్చ లైటు సంగతి వేరే చెప్పాలి. ఏ అంకె దాకా పచ్చ, ఎక్కడి నుంచి పసుపు, ఎక్కడ ఎరుపు అన్నది మీలో చాలామంది చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన మార్గదర్శకాలు సవరించి, పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటు 15 దాటకుండా చూసుకోమంది. అంతకు ముందు 2005లో ఆ అంకెలు 10, 25. మీ పచ్చ ఈ రెండిటిలో దేని మీద ఆధారపడింది? లేక దేని మీదా కాదా? సెన్సరు ఏ రకం, అది యంత్రంలో ఎక్కడ ఉంది అన్నది కూడా ముఖ్యం. శుభ్రమైన గాలి బయటికి వచ్చే చోటుకు దగ్గరలో పెడితే అది తన గాలిని తానే వాసన చూసి మురిసిపోతుంది. ఆటో మోడ్ దాని మాట నమ్మి ఫ్యాన్ తగ్గించేస్తుంది. మంచం దగ్గర మాత్రం పాత గాలే. అందుకే నేను ఆటో వాడటం మానేశాను.

వాసనల గురించి. "యాక్టివేటెడ్ కార్బన్" అని రాసి ఉన్న పొరను చేత్తో పట్టుకుని ఎత్తి చూడండి. బొగ్గు పొడి చల్లిన గుడ్డ అది, నాలుగు రోజులు వాసన పట్టి నిండిపోతుంది, ఆ తరువాత పట్టినదాన్నే మెల్లగా వదులుతుంది. వాయువులను పట్టుకోవడం బొగ్గు బరువును బట్టి ఉంటుంది కాబట్టి గ్రాముల్లో రాయండి. పది గ్రాములైతే పది అనే రాయండి, తప్పేముంది? ఎంత బొగ్గు ఉన్నా కార్బన్ మోనాక్సైడును పట్టుకోదు, మనం వదిలే కార్బన్ డయాక్సైడునూ పట్టుకోదు. మూసిన గదిలో ఉక్కగా, తల బరువుగా ఉంటే దానికి మీ యంత్రం మందు కాదు, కిటికీ మందు. ఈ ముక్క పెట్టె మీద రాసే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా? పెట్టె మీది ఆకు బొమ్మ చూసి, ఇది ఆక్సిజన్ ఇస్తుందని నమ్మిన పెద్దవాళ్లను నేను ఎరుగుదును.

గాలికి విద్యుదావేశం ఎక్కించే అయోనైజర్లు కొన్ని ఓజోను వాయువును పుట్టిస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఓజోను నేరుగా శత్రువు. కాలిఫోర్నియాలో గాలి వనరుల బోర్డు 2007లో నిబంధన తెచ్చి, ఇళ్లలో వాడే యంత్రాల నుంచి వచ్చే ఓజోను పది లక్షల్లో 0.050 భాగాలు మించకూడదంది. మీ యంత్రంలో అయోనైజరు బటను నొక్కితే తప్ప పనిచేయకుండా ఉంచండి. అసలు లేకపోతే ఇంకా మంచిది. ఓజోను పుట్టించి, దాన్ని పట్టడానికి మళ్లీ బొగ్గు పొర పెట్టడం ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. క్రిములను చంపుతుందని పెట్టే ఊదా రంగు యూవీ దీపం సంగతీ అంతే. గాలి దాని ముందు నుంచి రెప్పపాటులో దాటిపోతుంది, ఆ కాస్తలో సూక్ష్మజీవికి కునుకు కూడా చెడదు.

ఫిల్టరు ఖర్చు దగ్గరికి వద్దాం. యంత్రం చవక, ఫిల్టరు ఖరీదు. గుర్రం కన్నా గడ్డికి ఎక్కువయ్యే బేరం. ఫిల్టరు "12 నెలలు" వస్తుందంటారు. రోజుకు ఎన్ని గంటల లెక్కన? ఎనిమిదైతే, నేను ఇరవై నాలుగు గంటలూ నడిపితే నాలుగు నెలలే కదా. ఎంత మురికి గాలిలో? మీ యంత్రంలో ఫిల్టరు మార్చమని వెలిగే ఎర్ర లైటు మురికిని చూసి వెలగదు, గంటలు లెక్కపెట్టి వెలుగుతుంది. దీనికీ ఒక పద్ధతి ఉంది. చైనా ప్రమాణంలో, సీఏడీఆర్ సగానికి పడిపోయే దాకా ఫిల్టరు మొత్తం ఎన్ని మిల్లీగ్రాముల ధూళిని పట్టిందో కొలుస్తారు. 2015 నాటి ఆ ప్రమాణంలో 3,000 నుంచి మొదలయ్యే మెట్టు పీ1, 12,000 లేదా అంతకు పైన ఉంటే పీ4. నాకు నెలలు వద్దు, ఆ మిల్లీగ్రాములు చెప్పండి, నా గదికి నేను భాగించుకుంటాను.

"కడిగి వాడుకోండి" అని కూడా కొందరు రాస్తున్నారు. ముందుండే జాలీని కడగొచ్చు. అసలు ఫిల్టరు చాలావాటిలో విద్యుదావేశం ఎక్కించిన ప్లాస్టిక్ పోగులు. నీళ్లు తగిలితే ఆ ఆవేశం దెబ్బతినవచ్చు, చూడటానికి తెల్లగా మెరుస్తుంది కానీ సన్నని ధూళిని మునుపటిలా పట్టదు. కొనేవాడి ఆశను ఇలా ఆసరా చేసుకోకండి. ఫిల్టరులో చిప్పు పెట్టి మీ దగ్గర కొన్నదైతేనే యంత్రం పనిచేసేలా చేసే కంపెనీలవారికి విడిగా ఏమీ చెప్పను. నా బకెట్టు యంత్రానికి ఫిల్టరు కోసం రెండో ఏడాది వెతికితే ఆ మోడలే ఆపేశారని చెప్పారు. ఇప్పుడు దాన్ని బోర్లించి స్టూలులా వాడుతున్నాను. బలంగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

అమ్మేవారికి ఒక మాట. మీ దగ్గర రంగును బట్టి వెతుక్కోవచ్చు, యాప్ ఉందా లేదా అని వెతుక్కోవచ్చు, సీఏడీఆర్‌ను బట్టి వెతుక్కునే దారి చాలాచోట్ల లేదు. సీఏడీఆర్ అంకె ఇవ్వని యంత్రాన్ని ప్యూరిఫయర్ల వరసలోంచి తీసి, బల్ల మీది అలంకరణ సామాను వరసలో పెట్టండి. అక్కడ అది నిజంగా బాగా అమ్ముడుపోతుంది.

ఇంత రాశాను కానీ, అడగాలనుకున్నది నిజానికి ఒక్కటే. ఇప్పుడు ఉన్న పరీక్షనే ఇంకోసారి చేయండి. గది మీ దగ్గర ఉంది, మీటర్లు ఉన్నాయి, పొగ ఉంది. ఫుల్ స్పీడు పరీక్ష అయ్యాక నిద్ర మోడ్ బటను నొక్కి, మళ్లీ పొగ వదిలి, మళ్లీ కొలవండి. వచ్చిన అంకెను, ఆ స్పీడులోనే, ఎంత దూరంలో కొలిచారో చెబుతూ శబ్దాన్ని, పక్కపక్కన అచ్చు వేయండి. వీలైతే నడిమి స్పీడుకు కూడా. పెట్టె మీద చోటు లేదంటే పసిపాప బొమ్మను కాస్త పక్కకు జరపండి. దీనికి కొత్త మోటారు అక్కర్లేదు, కొత్త ఫిల్టరు అక్కర్లేదు, యంత్రం ధర పెరగక్కర్లేదు. నీలం లైట్లు, సెంటు పోసే గిన్నె, ఫోను యాప్, యూవీ దీపం తీసేస్తే మిగిలే డబ్బుతో ఫ్యాను ఒక సైజు పెద్దది పెట్టొచ్చు కూడా.

ఆ అంకె చిన్నదిగా వస్తుందని మీ భయం. వస్తుంది. అందరిదీ వస్తుంది. మీలో ఎవరిది అందరికన్నా తక్కువ చిన్నదో మాకు తెలుస్తుంది, అంతే.

పరీక్ష గది ఖాళీ లేదు అంటే, నా గది ఉంది. మీ కొలతకు ఎనిమిది ఘనపుటడుగులు మాత్రమే తక్కువ. మంచం కింద ప్లగ్గు ఉంది, మీటరు నా దగ్గరే ఉంది. రాత్రి పదకొండు దాటాక తీసుకురండి. స్పీడు మాత్రం నేనే పెడతాను.

ఇట్లు,
పది అడుగుల గదిలో మీ మూడు యంత్రాలు కొన్న ఒక లెక్కల పంతులమ్మ